గట్టు మీద స్నానం

నానక్‌రామ్‌గూడలో అద్దాల మేడల వెనక ఒక కుంట ఉంది. దాని గట్టున గేదెలు పెట్టుకుని పాలమ్ముకునే ఒక అక్క ఉండేది. మేం గేదెలంటాం, ఆవిడ బర్రెలంటుంది. పశువుల డాక్టరుగా శేరిలింగంపల్లికి వచ్చిన కొత్తలో, పేడ నీళ్లలో కలవకుండా చూసుకోవడం ఇలాంటివాళ్లకు నేర్పడం నా పని. కుంట కంపు కొడుతోందని ఎదుటి అపార్ట్‌మెంట్ల వాళ్లు అప్పటికే ఫిర్యాదు చేశారు. అధికారి వచ్చి చూసి బాగాలేదంటే కొట్టం ఎత్తేయాల్సిందే. ఆవిడకు వేరే బతుకుతెరువు లేదు.

మాది గుంటూరు వైపు, నాకసలే నోరెక్కువ. ఆవిడ పైపు పెట్టి పేడంతా కుంటలోకి పోయే కాలువలోకి తోసేస్తుంటే చూసి ఒళ్లు మండింది. ముందు పేడ ఎత్తి గోతిలో వెయ్యాలని, ఎండుటాకులు కలిపి మాగనివ్వాలని, తర్వాతే నేల కడిగి ఆ నీళ్లు గడ్డిమడికి మళ్లించాలని దంచి చెప్పాను. అదే ఊపులో, చిటికెడు పేడ కూడా కుంటలో పడకూడదండీ అనేశాను. ఆవిడ బుద్ధిగా తలూపింది.

మళ్లీ వెళ్లేసరికి గొయ్యి తయారు, కొట్టం శుభ్రం, అక్క మాత్రం లేదు. వెతికితే కుంటలో కనిపించింది. చీర ఎగ్గట్టి, మోకాలిలోతు నీళ్లలో, గేదె తోక కింద గంప పట్టుకుని నిలబడి ఉంది.

"మీరే చెప్పిన్రు గద డాక్టరమ్మా, జర గూడ పడొద్దని. నీళ్లల్ల దిగంగనే పెండ ఏస్తయి ఇవి. మరి నన్నేం జెయ్యమంటరు?"

కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. గేదెలు నీళ్లలో దిగుతాయన్న ఊసే నా పాఠంలో లేదు మరి! నా నవ్వు చూసి ఆవిడా నవ్వింది. చల్లటి నీళ్లు తగిలితేనే కదా వేస్తాయి, ఆ నీళ్లేవో గట్టు మీదే పోస్తే పోలా అన్నాను. రెండు చెంబులు పోశామో లేదో, పెద్ద గేదె తోకెత్తింది. అక్క మురిసిపోతూ గంప పట్టింది. ఆనాటి నుంచి గట్టు మీద స్నానం, ఆ తర్వాతే కుంట.

వానలు తగ్గాక అధికారి వచ్చారు. గొయ్యి చూశారు, కాలువ చూశారు, కుంట వైపు నడిచారు. అక్క బిగుసుకుపోయింది. అంతలో మేతకు వెళ్లిన గేదెలు తిరిగొచ్చాయి. ఒక్కటీ నీళ్లలోకి దిగలేదు. గట్టున వరసగా ఆగి, నీళ్లు పొయ్యవేమన్నట్టు అక్కకేసి చూశాయి. పెద్దది వచ్చి ఆవిడ భుజాన్ని ముట్టెతో నెట్టింది. అప్పటికి తేరుకుని ఆవిడ చెంబు అందుకుంది. ఒక్కొక్కటీ పని ముగించుకుని తాపీగా కుంటలోకి దిగింది.

"మా ఆఫీసుల గూడ ఇంత పద్ధతి లేదమ్మా. ఇగ ఫికర్ చెయ్యకు, కొట్టం ఉంచుకో," అన్నారాయన.

జీపు కదిలిందో లేదో, అక్క పేడ చేతులతోనే నన్ను వాటేసుకుని బావురుమంది. నాకూ ఏడుపొచ్చింది. ఇంటికి వెళ్లేటప్పుడు షేర్ ఆటోలో జనమంతా ముక్కులు మూసుకుని నాకు దూరంగా జరిగారు. హాయిగా కాళ్లు చాపుకుని కూర్చున్నాను.