మరమగ్గాల ఇంట్లో పాట

మరమగ్గాలు ఆడుతుంటే మా ఇంట్లో పక్కన కూర్చున్న మనిషి మాట కూడా వినబడదు. అందుకే మాకు చేతులే నోళ్లు. బొటనవేలు పెదవికి ఆనిస్తే నీళ్లు కావాలని, వేళ్లు కూడదీసి చూపిస్తే అన్నానికి రమ్మని. ధర్మవరంలో మగ్గాలున్న ఇళ్లలో ఇదేమీ వింత కాదు.

నా కొడుకు కూతురు, మూడో ఏడు నడుస్తున్నది, ఈ సైగలన్నీ చక్కగా నేర్చింది. చూసి మురిసిపోయాం. మాటలు ఆలస్యంగా వస్తాయిలే అనుకుంటూ వచ్చాం. పక్కింటి పిల్ల, దానికన్నా ఏడాదే పెద్దది, ఒక రోజు కరెంటు లేని వేళ గడపలో నిలబడి "అవ్వా, ఈ పాపెందుకు మాట్లాడదు?" అని అడిగింది.

అది వెళ్లాక పాప వెనక చేరి పళ్లెం కింద పడేశాను. తిరిగి చూసింది. చెవులున్నాయి కదా అని ఊపిరి పీల్చుకున్నాను. మరి వినబడితే పలకదెందుకని మళ్లీ భయం.

కోడలూ నేనూ పాపను తీసుకుని హిందూపురం రైలెక్కాం, పిల్లల డాక్టరమ్మ దగ్గరికి. పెనుకొండలో ఎక్కిన ఒకామె పాప గడ్డం పట్టుకుని "ఏం పేరు పాపా నీది?" అంది. పాప బొటనవేలు పెదవికి ఆనించింది.

"అయ్యో, మూగదా తల్లీ?"

కోడలు ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

"దానికి నీళ్లు కావాల. నువ్వు నోరు మూసుకోని కూచో" అన్నాను. గట్టిగానే అని, నీళ్ల బాటిల్ మూత తీసి పాప నోటికి అందించాను.

డాక్టరమ్మ చెవులు పరీక్ష చేయించి, బాగున్నాయంది.

"ఇంట్లో పాపతో ఏం మాట్లాడతారవ్వా?"

"మాటలెక్కడియమ్మా, మగ్గాలు ఆడతాంటే."

ఆమె నిదానంగా చెప్పింది. స్నానం, అన్నం, నిద్ర రోజూ ఒకే వేళకు జరగాలి. ఒక్కో పనికి ఒక్కో పాట ఉండాలి, మార్చకూడదు. ఫోన్లో పాట కాదు, మనిషి నోటితో పాడాలి. చివరి మాట అనకుండా ఆపి పాప మొహం చూస్తూ ఉండాలి. "కొన్ని నెలలు చేసి మళ్లీ రండి. అప్పటికీ పలకకపోతే ఇంకా పరీక్షలు ఉన్నాయి" అంది. ఆ పరీక్షలు ఏమిటో అడగకుండానే పాపను చంకనేసుకుని లేచాను.

పాట వేళల్లో మగ్గాలు ఆపాలన్నాను. కొడుకు ఎగిరిపడ్డాడు.

"కరెంటు ఉన్నెప్పుడే కదమ్మా నేసుకోవాల! పాట కోసం మగ్గం ఆపేదా? ఊరు నవ్వుతాది."

"నవ్వనీ. తెగిన పోగు కూడా పారేయనిదాన్ని నేనే చెప్తాండా. ఆపు."

రెండో తరగతితో బడి మానేసినదాన్ని, పాటలు నాకెక్కడివి? నేనే కట్టుకున్నాను. 'రాగి ముద్ద, నెయ్యి ముద్ద, అవ్వ చేతి వేడి ముద్ద, పాప నోటికి ఇంకో...' అని ఆగేదాన్ని. ఆగిన ప్రతిసారీ బావిలోకి తొంగి చూసినట్టుండేది. పాప నోరు తెరిచేది, తిండి కోసం. మాట వచ్చేది కాదు. కోడలు తలుపు పక్కన నిలబడి వినేది, ఏడుపొస్తే లోపలికి పోయేది. చలి పోయి ఎండలొచ్చాయి. మళ్లీ హిందూపురం పోవాల్సిన రోజు దగ్గరపడింది.

ఒక పొద్దున వేళ కాని వేళ కరెంటు పోయింది. మగ్గాలు టక్కున నిలిచాయి. వాకిట్లో ఆడుకుంటున్న పాప లేచి వచ్చి, తన పీట లాక్కుని నా ముందు కూర్చుంది. మగ్గం ఆగితే పాట అని దానికి అలవాటైపోయింది. సంగటి ఇంకా పొయ్యి మీదే ఉంది. వట్టి చేతినే ముద్దలా పట్టుకుని పాట ఎత్తుకున్నాను. 'పాప నోటికి ఇంకో...'

"ద్ద" అంది.

అంతలోనే కరెంటొచ్చి మగ్గాలు మోగాయి. నిజంగా అందా, నా చెవుల భ్రమా? కొడుకు వైపు చూశాను. వాడు పరిగెత్తి స్విచ్ ఆపేశాడు.

"మల్లా పాడమ్మా."

నాకు ధైర్యం చాలలేదు. ఈసారి ఏమీ రాకపోతే? కోడలు వచ్చి నా వెనక నిలబడింది. మొదటి నుంచి పాడాను, చివరికి పోవడానికి జంకుతూ జంకుతూ. ఆగాను.

"ద్ద! ద్ద!" నా ఖాళీ చేయి చూసి పాపకు కోపమొచ్చింది.

కోడలు ఏడుస్తూ నవ్వింది. నేను మాత్రం పొయ్యి దగ్గరికి ఉరికాను. నోరు తెరిచి అడిగినా ముద్ద రాదని దానికి తోచిందంటే, మళ్లీ అడుగుతుందో లేదో.