ఉప్పూ బొగ్గులూ వేసిన గుంత

1985 ఎండాకాలం. ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి ఇల్లు. కింద అంగడి, నడుమ సరుకు గది, పైన కాపురం. అంతస్తుకూ అంతస్తుకూ మధ్య అరిచి అరిచి గొంతులు పోతున్నాయని శెట్టిగారు ఇంటర్‌కమ్ పెట్టించుకున్నారు. తీగలు వేసింది మేము. అనంతపురంలో మాది చిన్న కంపెనీ. నేను సూపర్‌వైజరును, అంటే పైపైన చూసేవాణ్ణి. ఊరి మాటలన్నీ మోసే తీగలు వేశాను గానీ, మా ఇంట్లో నా మాట మోసే దిక్కు లేదు.

గదిగదికీ పోయే జంట తీగలన్నీ ఒకచోటికి తెచ్చి ఇనుప చట్రం మీద వరసగా బిగిస్తాం. దాన్ని ఫ్రేమ్ అంటాం. కరెంటు తీగ, మాటల తీగ ఒకే గొట్టంలో పోకూడదు. గుత్తిలో రైలు పట్టాలు కలిస్తే జంక్షన్, ఇవి కలిస్తే టెన్షన్.

చివరి పని ఎర్త్. పెరట్లో గుంత తవ్వి, నడుమ ఇనుప పైపు నిలబెట్టి, చుట్టూ ఉప్పూ బొగ్గులూ పొరలు పొరలుగా వేసి పూడుస్తాం. ఫ్రేమ్ నుంచి ఒక తీగ ఆ పైపుకు వస్తుంది. కరెంటు దారితప్పి ఇనుముకు తగిలితే ఈ దారిన భూమిలోకి దిగిపోవాలి, ఫ్యూజు కాలిపోవాలి. అయితే తడి ఉంటేనే భూమి కరెంటును మింగుతుంది. అందుకే రోజూ ఒక బిందె నీళ్ళు పోయమని శెట్టిగారికి చెప్పి వచ్చాం. మా సీమలో ఆ మాట చెప్పాలంటే కొంచెం సిగ్గుపడాలి. మనుషులకే నీళ్ళు లేవు.

కొన్నాళ్ళకు అంగడి గుమాస్తా నాగరాజు ఫోన్ చేశాడు.

"అన్నా, నీ ఇనుప చట్రం నిన్నట్నుంచి గిల్లుతాండాది."

"గిల్లడమేందప్పా?"

"ముట్టుకుంటే జిల్లుమంటాది. ఆఫ్ చేస్తే బేరాలు పోతాయని శెట్టి వొప్పుకోడు. నువ్వు ఈడికొస్తావా, నన్ను పైకి పొమ్మంటావా?"

ఎవర్నీ దాని దగ్గరకు పోనీయొద్దని చెప్పి బస్సెక్కాను.

సరుకు గదిలో ఫ్రేమ్‌కు టెస్టర్ ఆనించగానే లోపలి బల్బు భగ్గున వెలిగింది. కరెంటు ఇనుములోకి వచ్చింది, అయినా ఫ్యూజు పోలేదు. అంటే భూమి మింగడం లేదు. మింగకపోతే ఆ కరెంటు ఎక్కడుంటుంది? పెరట్లో, ఆ పైపులో, కాచుకుని ఉంటుంది.

కిటికీలోంచి చూశాను. శెట్టిగారి తల్లి, తడిచీరతో, చేతిలో కుంకుమ భరిణెతో, పైపు వైపు నడుస్తోంది. పైపుకు అప్పటికే పసుపూ, పాత బొట్లూ ఉన్నాయి.

"నాగరాజూ, మెయిన్ తీసెయ్!"

మెయిన్ కింద అంగడిలో, బీరువాల వెనక ఉంది. అతను అటు ఉరికాడు. నేను పెరటి మెట్ల మీద సగం దిగాను, సగం పడ్డాను.

"అవ్వా! ముట్టుకోవద్దు!"

ఆమె నిదానంగా తిరిగింది. "నేనెందుకు ముట్టుకుంటానప్పా నిన్ను? మడిలో ఉండా. నువ్వే దూరం నిలబడు."

చెయ్యి మళ్ళీ పైపు వైపు లేచింది.

కరెంటంటే ఏమిటో ఆమెకు చెప్పే వ్యవధి లేదు. ఆమెకు భయం కరెంటంటే కాదు, మైలంటే. పైపుకూ ఆమెకూ నడుమ దూరి రెండు చేతులూ చాచాను.

"అవ్వా, ముట్టుకుంటాండా! తానం చేసి ఎన్నాళ్ళయిందో నాకే తెలీదు!"

"అయ్యో, నీ మొగం మండ!"

భరిణె కింద పడింది. ఆమె గబగబా వెనక్కి పోయింది. నా వీపుకూ పైపుకూ మధ్య జానెడు ఖాళీ. ఆ జానెడూ వీపంతా పాకుతున్నట్టుంది. "తీసేసినానన్నా!" అని లోపలినుంచి కేక వినబడేదాకా కదల్లేదు.

ముందురోజు ఎవరో ఫ్రేమ్ పక్కన దేవుడి పటానికి మేకు కొట్టారు. అది గోడలోని కరెంటు తీగను చీల్చి ఫ్రేమ్ అంచుకు ఆనుకుంది. దేవుడు పైన చల్లగానే ఉన్నాడు.

"రోజూ నీళ్ళు పోయమంటి గదమ్మా?" శెట్టిగారు తల పట్టుకున్నారు.

"ఉప్పూ బొగ్గులూ యేసి పూడిస్తే దిష్టికి గాక దేనికిరా? నీళ్ళు పోస్తే ఉప్పు కరిగి, పోయిన దిష్టి మళ్ళీ ఇంట్లోకొస్తాదని నేనే వొద్దంటి. అయినా తాగేదానికి యాడుండాయి నీళ్ళు?"

ఆమె లెక్కలో ఎక్కడా తప్పు లేదు.

"అది సరేగానీ," అని నా వైపు తిరిగింది. "నన్ను ముట్టుకుంటివా, లేదా? నిజం చెప్పు. మళ్ళీ తానమంటే ఇంకో బిందె గావల్ల."

ఆమె కొంగు నా వేలికి తగిలిందో లేదో ఈనాటికీ తెలియదు. గుంత వైపు చూశాను. పెదవులు పగిలినట్టు పగిలి ఉంది.

"ముట్టుకుంటినవ్వా."

ఆమె తిట్టుకుంటూ పోయింది. మేకు పీకి తీగ సరిచేశాక, నేనూ నాగరాజూ బచ్చలింటి తూము నుంచి గుంతదాకా కాలువ గీశాం. ఆమె స్నానం చేసిన నీళ్ళు వచ్చి చేరాయి. మట్టి బుస్సుమని తాగింది. భూమి మళ్ళీ కరెంటు మింగుతోందన్నట్టు ఎర్త్ కొలిచే మీటరులో ముల్లు దిగింది గానీ, నా గుండెదడ అనంతపురం చేరినా దిగలేదు.

నేను గీసిన ప్లానులో ప్రతి తీగా ఉంది. పెరట్లో రోజూ ఎవరు నడుస్తారన్నది లేదు. ఆ తర్వాత ఏ ఇంట్లో గుంత తవ్వినా, పూడ్చేముందు ఇంట్లో పెద్దావిడను పిలిచి ఉప్పెందుకో, నీళ్ళెందుకో చెప్పాను. పైపు చుట్టూ ఇటుకలు కట్టి మూత వేయించాను. బొట్టు పెట్టాలనుకుంటే మూత మీదే.

ధర్మవరంలో కూడా మూత వేయించాక, దానికి మొదటి బొట్టు నన్నే పెట్టమంది అవ్వ. తానం చేసి రమ్మంది.