మైక్రోస్కోపుకు బొట్టు

పుంగనూరు బస్టాండులో ప్రభుత్వాన్ని తిట్టని మనిషి కోసం వెతికితే ఉమాశంకర్ ఒక్కడే దొరుకుతాడు. తిట్టేవాళ్లను ఆపడు, వాదనకూ దిగడు. "నాకు మాత్రం మంచే జరిగిందప్పా" అనేసి బస్సెక్కుతాడు. ఏం జరిగిందని అడిగితే మాత్రం దిగేదాకా చెప్తాడు.

బజారువీధిలో చిల్లర అంగడి నడిపే గంగప్ప కొడుకు అతను. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి ఇంటికొచ్చాడు. ఉద్యోగం రాలేదు. "పురుగుల సదువు సదివినావు గదా, బియ్యంలో పురుగులేరు" అన్నాడు గంగప్ప. ఎగతాళికే అన్నాడు గానీ, ఉమాశంకర్ రెండేళ్లు నిజంగానే ఏరాడు.

1998లో పథకం వచ్చింది. ఉత్తరాన ఎక్కడో మంచు దేశాల్లో, విసిరేసినట్టు దూరదూరంగా ఉండే చిన్న కాలేజీలు పరికరాలనూ పంతుళ్లనూ పంచుకుంటాయనీ, అలా పంచుకున్నందుకే అక్కడి ప్రభుత్వాలు డబ్బిస్తాయనీ హైదరాబాదులో ఒక అధికారి చదివాడట. మనకు మంచు లేకపోయినా దూరాలున్నాయి కదా అనుకున్నాడట. మదనపల్లె, పుంగనూరు, కుప్పం డిగ్రీ కాలేజీలు మూడింటికీ కలిపి ఒకే నిధి మంజూరైంది. ఆ డబ్బుతో కొన్న వస్తువు ఏ ఒక్క కాలేజీదీ కాదు, మూడూళ్లూ తిరగాలి. అదే షరతు. తిరగాలంటే తిప్పే మనిషి ఉండాలి కాబట్టి, పాఠం చెప్తూ పెట్టె మోసే కాంట్రాక్టు ఉద్యోగం ఒకటి పుట్టింది. నిధి ఉన్నన్నాళ్లే ఉద్యోగం. ఎక్కడా పక్కా పోస్టు ఉన్నవాళ్లెవరూ దాని మొహం చూడలేదు. బియ్యం ఏరుతున్న ఉమాశంకర్ చూశాడు.

ప్రారంభోత్సవం నాడు ముగ్గురు ప్రిన్సిపాళ్లూ ఐకమత్యం గురించి తలా అరగంట మాట్లాడారు. మర్నాటి నుంచి ఎవరి తాళం వాళ్లు వేసుకున్నారు.

అందరికంటే గట్టి తాళం మదనపల్లె దేవరాజులుది. అక్కడి జంతుశాస్త్రం లెక్చరర్. కొన్న తొమ్మిది మైక్రోస్కోపులూ మొదట ఆయన దగ్గరికే చేరాయి. ఆరు ఇచ్చాడు. మూడు బీరువాలో పెట్టేశాడు. ఉమాశంకర్ ఎన్నిసార్లు వెళ్లి అడిగినా ఒకటే జవాబు.

"మా గురువు ఒకాయన తక్కెడ పగలగొట్టి, రిటైరయ్యేదాకా జీతంలో కట్టినాడప్పా. వీటిని నీ చేతికిచ్చి నేను నిద్ర యాడ పోయేది?"

ఆయన్ని పిసినారి అనడం తేలిక. కానీ ప్రయోగశాలల్లో అప్పటికి నడుస్తున్న పద్ధతే అది. వాడుతూ పగలగొట్టిన పంతులుకు జీతంలో కోత పడేది. వాడకుండా తుప్పు పట్టించిన పంతులును అడిగేవాడు లేడు. అలాంటి చోట బుద్ధున్నవాడెవడైనా బీరువానే కొలుస్తాడు.

మిగిలిన ఆరింటికి ఉమాశంకర్ చెక్కపెట్టె చేయించాడు. వాళ్లమ్మ మునెమ్మ పాత చీరలతో బొంత కుట్టి లోపల పరిచింది. ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని అతను పలమనేరు, వి.కోట, శాంతిపురం మీదుగా కుప్పం బస్సులో పోయేవాడు. కుప్పంలో మాధవి మేడమ్ పదేళ్లుగా అమీబాను నల్లబల్ల మీద సుద్దముక్కతోనే పెంచుతోంది. పెట్టె తెరిచిన మొదటి రోజు శాంతిపురం నుంచి వచ్చే ఒక అమ్మాయి గొట్టంలోకి చూసి, చటుక్కున వెనక్కి జరిగింది.

"సార్, ఇది కదుల్తాండాది!"

నల్లబల్ల మీది అమీబా ఎన్నడూ కదల్లేదు మరి. ఆ సాయంత్రం తిరుగు బస్సులో సీటు దొరక్కపోయినా ఉమాశంకర్‌కు కాళ్లు నొప్పి అనిపించలేదు.

రెండేళ్లు గడిచాయి. 2000 దసరా సెలవులు ముగిసిన మర్నాడు కుప్పానికి హైదరాబాదు నుంచి కమిటీ వస్తుందని కబురు. నిధి ఇంకో ఐదేళ్లు సాగుతుందా, అక్కడితో ఆగుతుందా అన్నది వాళ్లే తేలుస్తారు. ఆగితే ఉమాశంకర్ మళ్లీ బియ్యం దగ్గరికి, కుప్పం పిల్లలు మళ్లీ నల్లబల్ల దగ్గరికి. కమిటీకి చూపించడానికి అతనూ మాధవీ ఒక ప్రయోగం ఎంచుకున్నారు. శాంతిపురం వైపు పట్టుపురుగులు పెంచేవాళ్లు ఎక్కువ. పురుగు రెక్కలొచ్చి చిలుక అవుతుంది; గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నూరి ఒక చుక్క మైక్రోస్కోపులో చూస్తే, దానికి జబ్బుందో లేదో అక్కడే తెలిసిపోతుంది. జబ్బుంటే ఆ గుడ్లను కాల్చేయాలి. కాల్చకపోతే పంటంతా పోతుంది. హనుమంతు అనే రైతు తన చిలుకలను పట్టుకొస్తానన్నాడు.

ఆయుధపూజ నాటికి మైక్రోస్కోపులు పుంగనూరు కాలేజీలో ఉన్నాయి. పూజ చేయాల్సిందేనన్నాడు ప్రిన్సిపాల్ సుబ్రమణ్యం. ఉమాశంకర్‌కూ అభ్యంతరం లేదు. ఏటా అంగట్లో తక్కెడలకు బొట్లు పెట్టి పెరిగినవాడే. అన్నం పెట్టే వస్తువుకు ఏడాదికోసారి దండం పెడితే తప్పేముంది? అతను బయట గుమ్మడికాయ కొట్టే పనిలో ఉండగా, పళ్లెం పట్టుకుని మునెమ్మ ప్రయోగశాలలోకి వెళ్లింది. కొడుక్కి ఉద్యోగం ఇచ్చిన దేవుళ్లను ఆమె చూడటం అదే మొదలు.

"దీనికి మొగం యాడుందమ్మా?" అని అటెండరు పాపక్కను అడిగింది.

"పైన అద్దముండాదే, ఆడ కన్ను పెట్టి సూస్తారు."

"కన్నుంటే మొగం ఆడే గదా."

తడి గంధం మెత్తి, దాని మీద నిండుగా కుంకుమ పెట్టింది. తర్వాత కిందికి వంగి చూసింది. గుండ్రటి పళ్లేనికి మూడు కటకాలు వేలాడుతున్నాయి.

"ఓయమ్మ, మన పుంగనూరు ఆవు పొదుగు మాదిరుండాదే!"

పొదుక్కీ బొట్టు పెట్టింది. మూడు చన్నులకూ, ఒక్కొక్కదానికి. ఆరు మైక్రోస్కోపులకూ.

పండగ సంబరంలో ఎవరూ చూడలేదు. విజయదశమి పొద్దున పెట్టె సర్దబోతూ గొట్టంలోకి చూసిన ఉమాశంకర్‌కు లోకమంతా ఎర్రగా కనబడింది. గంధం ఎండి గట్టిపడింది. పరుగున ఇంటికి తెస్తే, తక్కెడల జిడ్డు వదిలించడంలో చెయ్యి తిరిగిన గంగప్ప "దీనికింత గోలెందుకురా" అంటూ, కొడుకు వారించే లోపల రెండింటిని కిరసనాయిలు గుడ్డతో తుడిచేశాడు. ఎరుపు పోయింది. దాంతోపాటు చూపూ పోయింది. గొట్టంలో తెల్లని పొగమంచు తప్ప ఏమీ లేదు. మిగతా నాలుగింటినీ గోకితే కటకాలు గీసుకుపోతాయని ఉమాశంకర్ ముట్టుకోనివ్వలేదు.

మునెమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయింది. "నీ కూడు నేనే తీసేస్తినా నాయనా?"

ఉమాశంకర్‌కు కోపం వచ్చింది. ఆమె మొహం చూసి తగ్గాడు. "నువ్వేం చేసినావులేమ్మా. దానికి మొగం యాడుందో నేను ముందే చెప్పుండాల" అని చెప్పులు వేసుకుని, మధ్యాహ్నం బస్సుకు మదనపల్లె వెళ్లాడు.

దేవరాజులు ఇంటి అరుగు మీద పేపరు చదువుతున్నాడు. అంతా విన్నాడు. విని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"పొదుక్కి బొట్టా! ఇంగ నయం, పాలు పిండలేదు."

"సార్, మీరు నవ్వితే నవ్వండి. ఆ మూడు మాత్రం ఇయ్యండి."

"మా కాలేజీలోనూ పూజ జరిగిందప్పా. బీరువా తలుపుకు బొట్టు పెట్టిచ్చినా. లోపలున్నదానికి చెయ్యే తగల్లేదు. సూసినావా నా తాళం గొప్ప?"

"సూసినా సార్. రెండేండ్లుగా సూస్తానే ఉండా. ఆ తాళం తియ్యకపోతే ఎల్లుండి నుంచి నేను అంగట్లో బియ్యం ఏరతా. మీరు ఆ పక్కన పోతే పలకరించండి."

ఆ మాటకు దేవరాజులు నవ్వు ఆగింది. పేపరు మడతపెట్టాడు. "నీకియ్యను" అన్నాడు. ఉమాశంకర్ లేవబోయాడు. "కూకో. నీకియ్యనంటి గానీ రానంటినా? నేనే పట్టుకొస్తా. నా ఒళ్లోనుంచి దిగవు."

మర్నాడు తెల్లవారి మొదటి బస్సులో, కొత్త తువాలులో చుట్టిన మూడు డబ్బాలతో ఆయన ఎక్కాడు. పుంగనూరులో ఉమాశంకర్ ఎక్కి పక్కన కూర్చున్నాడు. "తిరుణాలకు దేవుళ్లను తీసకపోతాండారా సామీ?" అన్నాడు కండక్టరు. "అవునప్పా, బొట్టు పెట్టించుకోని దేవుళ్లు" అన్నాడు దేవరాజులు.

కుప్పంలో కమిటీవాళ్లు ముగ్గురు. పెద్దావిడ ఒక ప్రొఫెసరు. వచ్చీ రాగానే ఆమె చూపు మైక్రోస్కోపు తిప్పే మర మీద అట్లాగే ఉండిపోయిన ప్లాస్టిక్ కాగితం మీద పడింది.

"ఇవి రెండేళ్ల కిందట కొన్నవి కదా?"

ఉమాశంకర్ నోరు తెరిచేలోపే దేవరాజులు చెప్పేశాడు. "పగిలితే జీతంలో పడతాదని బీరువాలో పెట్టినా మేడమ్. నా తప్పే. తిరగాల్సిన ఆరూ తిరిగినాయి, తిరిగి తిరిగి మొన్న పూజలో గుడ్డివైనాయి." కుంకుమ సంగతి ఉమాశంకర్ చెప్పాల్సొచ్చింది. ఆమె నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. అయిపోయింది, అనుకున్నాడు ఉమాశంకర్.

అంతలో హనుమంతు చిలుకలున్న బుట్ట బల్ల మీద పెట్టాడు. పెట్టె తెరిచిన మొదటి రోజు "కదుల్తాండాది" అని అరిచిన శాంతిపురం అమ్మాయే ఒకదాన్ని నూరి, చుక్క వేసి, తిప్పి, ఆగింది. "సార్, మెరిసే గింజలు కనబడతాండాయి. కోడిగుడ్డు ఆకారం." మాధవి చూసింది, జబ్బు గింజలే. దేవరాజులు చూశాడు. రెండేళ్లు తాళం వేసి కాపాడినదానిలోకి ఆయన కన్ను పెట్టడం అదే మొదటిసారి. ఎంతకీ తల ఎత్తడు.

"సార్, మాకూ చోటియ్యండి" అంది ప్రొఫెసరు.

"ఏమంటాది?" అన్నాడు హనుమంతు. ఆ చిలుక గుడ్లు కాల్చేయాలని మాధవి చెప్పింది. అతను తిట్టుకుంటాడని అందరూ అనుకున్నారు. "ఒగదాంతో పోయింది. పోయినేడు మా యావత్తు పంటా ఇట్లనే పోయింది, ఏందో తెలీక దిష్టనుకుంటిమి" అని మిగతా చిలుకలను ముందుకు తోశాడు. "ఇవీ సూడమ్మా."

పెద్దావిడ పోతూ పోతూ రెండే మాటలు అంది. మూడు కాలేజీల వాళ్లు ఒక బల్ల చుట్టూ నిలబడటం ఆ పథకంలో తను చూడటం ఇదే మొదలు అని ఒకటి. వాడుతూ పగిలితే జీతాల్లో పట్టకూడదని ఈసారి షరతుల్లోనే రాయిస్తానని రెండోది. రాయించింది. నిధి ఇంకో ఐదేళ్లు నడిచింది. కటకాలు బెంగుళూరులో బాగుపడి వచ్చాయి. ఆ ఐదేళ్లలోనే ఉమాశంకర్ పరీక్ష రాసి పక్కా లెక్చరరయ్యాడు, కోరి కుప్పంలోనే చేరాడు. ఆయుధపూజకు మునెమ్మ ఇప్పటికీ వస్తుంది. పెట్టె మూతకు ఒక్క బొట్టు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతుంది.

కానీ ఉమాశంకర్ కథ ఎప్పుడూ ఆ రోజు తిరుగు బస్సులోనే ఆపుతాడు. శాంతిపురం దాటాక దేవరాజులు జేబులోంచి బీరువా తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడట.

"ఇది నీ దగ్గరుండనీ."

"పగిలితే సార్? కొత్త షరతు ఇంకా కాగితం మీదికి రాలేదే."

దేవరాజులు ఒళ్లో డబ్బాలను సరిచేసుకుని, కిటికీలోంచి చూస్తూ అన్నాడట: "పగిల్తే ఇద్దరం కట్టుకుందాంలేప్పా."