వెనక్కి వెళ్లిన పూలు

కంప్యూటరు అనే మాట తిరుపతికి ఇంకా బస్సెక్కి రాని రోజులవి. అయినా మా ఊళ్లో ప్రోగ్రాములు రాసేవాళ్లున్నారు. కర్రదిమ్మె మీద రాగి రేకుతో రాసేవాళ్లు. ఇప్పుడంటే ఈ సంగతి నవ్వుతూ చెబుతున్నాను గానీ, అప్పట్లో నా ఒళ్లంతా కోపమే. నిజం చెప్పాలంటే అది ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

ఐటిఐ పాసై, జాతర్లకీ పెళ్లిళ్లకీ సీరియల్ సెట్లు కట్టే ఒక మేస్త్రి దగ్గర పనికి చేరాను. రంగుబల్బులతో ఏనుగులూ నెమళ్లూ కట్టి, అవి కదులుతున్నట్టు వెలిగించడం మా పని. ఆ కదలికంతా ఒక డ్రమ్ములో ఉండేది. కర్రదిమ్మె చుట్టూ రాగి రేకు ముక్కలు కొట్టి, బెల్టుతో మోటారుకు తగిలించి తిప్పితే, ఏ రేకుకు ఏ తీగ తగిలితే ఆ వరుస బల్బులు వెలుగుతాయి. మా మేస్త్రి ఏనుగు డ్రమ్ముకు జిల్లా అంతా పేరు. తొండంలోంచి పూలు ఒక్కొక్కటే జారి, పక్కన బల్బులతోనే కట్టిన అమ్మవారి తల మీద పడేవి. ఆ డ్రమ్మును ఆయన ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాడు (స్నానానికి పోయినా అది ఆయనతోనే పోయేది). బల్బులు కట్టేది నేను, నిచ్చెనెక్కేది నేను, షాకు కొట్టించుకునేది నేను. డ్రమ్ము బిగించేటప్పుడు మాత్రం "పోయి టీ తాగి రాపో" అనేవాడు. రేకులు ఏ లెక్కన కొడతారో చెప్పమని ఏడుసార్లు అడిగాను. ఏడుసార్లూ ఒకటే జవాబు: "నీకు అర్థం కాదులే పోరా." ఆ మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

చిత్తూరులో ఒక పెళ్లి సెట్టు విప్పిన రోజున, ఆయన పెట్టెకు తాళం వేయడం మరిచి భోజనాల పంక్తిలో కూర్చున్నాడు. పప్పు వడ్డించినప్పటి నుంచి పాయసం వచ్చేలోగా నా పని అయిపోవాలి. డ్రమ్ము చుట్టూ పల్చటి కాగితం చుట్టి, పెన్సిలు అడ్డంగా పట్టి రుద్దాను. రేకుల అచ్చంతా కాగితం మీదికి దిగింది. తర్వాత నెల్లాళ్లు ఇంట్లో కూర్చుని, ఆ కాగితాన్ని పెన్సిలు వైపు కొత్త దిమ్మెకు ఆనించి రుద్ది, గుర్తులు దింపి, రేకులు కొట్టాను. మా నాయన "రోకలి చేస్తా ఉండావా ఏందిరా?" అని అడిగితే ఆయన మీదా విరుచుకుపడ్డాను.

గంగమ్మ జాతర మొదలైంది. తిరుచానూరులో ఇంకో పని చూసుకుని, సాయంత్రానికి డ్రమ్ము తెస్తానన్నాడు మేస్త్రి. ఆయన వచ్చేలోపే నా డ్రమ్ము బిగించి స్విచ్చు వేశాను. ఏనుగు వెలిగింది. పూలు కదిలాయి. అమ్మవారి తల మీది నుంచి ఒక్కొక్కటే లేచి తొండంలోకి పోయాయి. వీధి వీధంతా ఆగి చూసింది. "ఇచ్చింది ఎనక్కి తీసుకుంటా ఉండాదప్పా ఈ ఏనుగు" అన్నాడొకడు. "అమ్మోరికే ఎగనామం పెట్టినారు సూడు" అన్నాడు ఇంకొకడు. అచ్చుగుద్దినట్టు దింపిన డ్రమ్ము వెనక్కి ఎందుకు నడిచిందో నాకు అంతుపట్టలేదు. అంతలో మేస్త్రి వచ్చాడు. బొమ్మను చూశాడు, డ్రమ్మును చూశాడు, నన్ను చూశాడు. మోటారు ఆపి, బెల్టు ఊడదీసి, ఒక మెలి పెట్టి తగిలించాడు. డ్రమ్ము ఎదురు తిరిగింది, పూలు బుద్ధిగా అమ్మవారి మీద రాలాయి. తిట్టి ఉంటే బాగుండేది. తువ్వాలుతో చేతులు తుడుచుకొని వెళ్లిపోయాడు.

మర్నాడు జాతరలో బండ వేషం రోజు. ఒళ్లంతా కుంకుమ పూసుకున్నవాళ్లు ఆ రోజు ఎవరిని ఎంత తిట్టినా, తిట్టించుకున్నవాడు కోపగించుకోకూడదు. నాకంతకన్నా ఏం కావాలి? కుంకుమ పూసుకుని మేస్త్రి కొట్టు ముందు నిలబడి, అడిగిన ఏడుసార్లకూ ఏడు రకాలుగా తిట్టాను (అవి ఇక్కడ రాయలేను, మా ఆవిడ చదువుతుంది). ఆయన చేతులు కట్టుకొని అంతా విన్నాడు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, "అయిందా? లోపలికి రా. పూలు ఎనక్కి ఎందుకు పోయినాయో సెప్తా" అన్నాడు.

అన్నాళ్లూ నేను అడిగింది అదే. ఇప్పుడు ఆయనే పిలిచాడు. నేనేమో "నీ విద్దె నువ్వే పెట్టుకో" అని వచ్చేశాను, పనీ మానేశాను. తప్పెక్కడో నాకు నేనుగా తెలుసుకునేసరికి రెండేళ్లు పట్టింది. అప్పటికి మేస్త్రి కొట్టు తీసేసి తడ వైపు వెళ్లిపోయాడు. మళ్లీ కనపడలేదు.

మొన్న బీరువా సర్దుతుంటే ఆ పెన్సిలు కాగితం బయటపడింది. కంప్యూటరు ఉద్యోగం చేసే మా అమ్మాయి "ఇదేంది నాయనా?" అని అడిగింది. "నీకు అర్థం కాదులేమ్మా" అన్నాను. అన్న వెంటనే నాలుక కరుచుకున్నాను. ఆ మాట ఎవరిదో నాకు తెలుసు. కూర్చోబెట్టి డ్రమ్ము, ఏనుగు, పూలు అన్నీ చెప్పాను. గుర్తులు ఎలా దింపానో చెబుతుండగానే ఆమె కాగితాన్ని వెలుతురుకు తిప్పి పట్టుకుంది.

"పెన్సిలు వైపు దిమ్మెకానించి రుద్దితే అద్దంలో మాదిరి వరస తిరగబడిపోదా నాయనా? ఆయన పిలిచినప్పుడే పోయింటే చెప్పింటాడు కదా."

ఆమెకు రెండు నిమిషాలు. నాకు రెండేళ్లు. ఒళ్లు మండిపోయింది. ఆ కోపం మేస్త్రి మీదో, అమ్మాయి మీదో, కుంకుమ పూసుకుని వీధిలో అరిచిన ఆ కుర్రవాడి మీదో తేల్చుకోలేక, చివరికి నవ్వేశాను.