మాత చీర ఎవరు కట్టాలి

కొత్త చీర మడత విప్పుతుంటే ఈ వయసులో కూడా నాకు కాళ్ళు నేల మీద నిలవవు. అందులోనూ ఉప్పాడ జాందానీ, అందులోనూ మా గుడిలో మరియమాతకు కట్టే చీర! పండుగ ముందు రోజు మధ్యాహ్నం పీఠం పక్కన చాపలు పరిచి, ఆడవాళ్ళమంతా చుట్టూ చేరి, రంగు చూసి "అబ్బ!" అనుకునే ఆ ఒక్క నిమిషం కోసం ఏడాదంతా ఎదురుచూస్తాను. నవ్వేవాళ్ళు నవ్వనీ. మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే చిన్న ఊరు మాది. మాకున్న సంబరాలు ఎన్ని గనక?

మా మాత నాలుగడుగుల విగ్రహం, ఎడమ చేతి మీద బాలయేసు. ఆరు గజాల చీర ఆవిడకు కట్టడం ఆషామాషీ వ్యవహారం కాదు. నడుమంతా నునుపు, చీర నిలవదు. ముందు నడుముకి నవ్వారు పట్టీ బిగించి కట్టి, కుచ్చిళ్ళు అందులో దోపాలి. పైటను బాలయేసు కాలికీ తల్లి చేతికీ మధ్యనున్న వేలెడు సందులోంచి లాగాలి. కత్తెర పెట్టకూడదు, పిన్ను గుచ్చకూడదు. ఎందుకంటే పండుగయ్యాక ఆ చీరను మా విచారణలో, అంటే ఈ గుడి కిందికొచ్చే ఊళ్ళలో, ఆ ఏడాది పెళ్ళయ్యే మొదటి అమ్మాయికి ఇస్తారు. మాత కట్టిన చీరతో కాపురం మొదలుపెడితే చల్లగా ఉంటుందని మా వాళ్ళ నమ్మకం. నేనూ అలాగే మొదలుపెట్టాను.

మొదట్లో చీర మా అమ్మ కట్టేది. అమ్మ పోయాక ఆ పని నా మీద పడింది. నేను కట్టిన ఏడాది మాత చలిజ్వరం వచ్చి దుప్పటి కప్పుకున్నట్టు ఉంది. కాసేపు చూసి మా తమ్ముడు "తప్పుకో అక్కా" అని స్టూలెక్కాడు. అమ్మ పక్కన కూర్చుని వాడు ఎప్పుడు నేర్చుకున్నాడో నాకు తెలియదు. అప్పటి నుంచి పన్నెండేళ్ళు వాడే కట్టాడు. నేను కింద కూర్చుని కుచ్చిళ్ళు చెదరకుండా పట్టుకునేదాన్ని. వాడికి రాజమండ్రిలో కరెంటు సబ్‌స్టేషన్‌లో ఉద్యోగం. చీర కూడా వాడే ఉప్పాడ వెళ్ళి, మగ్గాల దగ్గర కూర్చుని ఎంచుకుని తెచ్చేవాడు.

ఎనిమిదేళ్ళుగా వాడు గుడిలో బలిపూజకు వస్తున్నాడు గానీ, చివర్లో ఫాదర్ గారు అందరికీ ఇచ్చే దివ్యసత్ప్రసాదం తీసుకోవడం లేదు. పాపంలో ఉన్నవాళ్ళు ఫాదర్ గారి దగ్గర చెప్పుకుని, అంటే పాపసంకీర్తనం చేసుకుని గానీ దాన్ని ముట్టకూడదు. అందరూ లేచి వరసలోకి వెళ్తే బెంచీ మీద ఒక్కడే మిగిలేవాడు. నాకు కారణం తెలుసు. ఇంకెవరికీ తెలియదనుకున్నాను.

పెద్దమ్మ కళ్ళు ఊరుకుంటాయా? పెద్దమ్మ అంటే మా అమ్మ అక్క కాదు, తమ్ముడి జ్ఞానతల్లి. జ్ఞానస్నానం రోజు వాణ్ణి చేతుల్లో పట్టుకున్న మనిషి. గుడిలో ఆడవాళ్ళ సంఘం మరియదళానికి ఆవిడే పెద్ద, విచారణ కమిటీలో ఆవిడ మాటే మాట. పిల్లాడు పెళ్ళిలేక చెడిపోతున్నాడనుకుని, మొన్న ఈస్టరుకు వాడి ముందు ఓ సంబంధం పెట్టింది. వాడు ఆవిడతో అబద్ధం ఆడలేకపోయాడు. రాజమండ్రిలో తనతో ఉంటున్న అబ్బాయి రూమ్మేటు కాదని, ఎనిమిదేళ్ళుగా ఇద్దరూ ఒకరికొకరని చెప్పేశాడు. ఆ అబ్బాయిది అన్నవరం దగ్గర రైతు కుటుంబం, ల్యాబ్‌లో పని. పెద్దమ్మ ఏడ్చింది. రెండు నెలలు మా ఇంటి గడప తొక్కలేదు.

తర్వాత పెద్దమ్మ కమిటీ వేసిన పండుగ నోటీసులో ఒక వాక్యం వచ్చింది. "వివాహ విషయంలో శ్రీసభ బోధనకు విరుద్ధంగా నడుచుకున్నవారు మాత చీరను ముట్టరాదు." శ్రీసభంటే మా కతోలిక చర్చి. ఎవరి పేరూ లేదు. అవసరం కూడా లేదు, ఊరంతటికీ అర్థమైపోయింది. చీర కట్టేవాళ్ళు దొరక్కపోతే కుట్టించిన గౌను తెప్పిస్తారట! నేను ఫోన్ చేస్తే తమ్ముడు, "వద్దులే అక్కా. చీర కొనేశాను, బస్సులో వేసి పంపిస్తాను. ఇక నేను రాను, గుడికి కూడా" అన్నాడు. వాడి గొంతులో కోపం ఉన్నా బాగుండేది. లేదు. అదే నన్ను దహించేసింది.

ఆదివారం బలిపూజ అయ్యాక గుడి వరండాలో పండుగ మీటింగు. మా విచారణ గురువులు, అదే మా ఫాదర్ గారు, మెత్తని మనిషి, వచ్చి ఏడాది కూడా కాలేదు. ఆయన నోటీసు చదివి, "ఇక మీ అభిప్రాయాలు చెప్పండమ్మా" అన్నారు. నేను లేచాను. నాకు కోపమొస్తే మాట ముందు, ఆలోచన వెనకాల నడుస్తాయి.

"ఫాదర్ గారూ, ఇద్దరు పిల్లలయ్యాక ఆడవాళ్ళు చేయించుకునే ఆపరేషన్ ఉంది కదండీ, దాన్ని శ్రీసభ ఒప్పుకుంటుందాండి?"

ఆయన మొహం ఎర్రబడింది. తల గోక్కున్నారు. "ఒప్పుకోదమ్మా. పిల్లలు పుట్టకుండా చేయించుకునే ఆపరేషన్ పాపమనే చెప్తుంది. దంపతుల జీవితం గురించిన బోధనలో అదీ భాగమే."

"అయితే నేను చీర ముట్టకూడదండి. నాకు ఆపరేషన్ అయింది."

నా వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. మా ఊళ్ళో ఇద్దరు పిల్లలున్న ఏ ఇంట్లో ఆ ఆపరేషన్ కాలేదు? సర్కారు ఆసుపత్రి నుంచి ఆటోలో దిగిన ప్రతి ఆడమనిషికీ మరియదళం వాళ్ళే కారప్పొడి అన్నం, మునక్కాడల చారు క్యారియర్లో తీసుకెళ్ళేవాళ్ళు. మంచం పక్కన కూర్చుని జపమాల కూడా చెప్పేవాళ్ళు! అది పాపమని ఎవరికీ తోచనే లేదు. ప్రసంగంలో ఏ ఫాదర్ గారూ ఎత్తలేదు, మేమూ అడగలేదు.

"నాకూ అయింది" అంది కొళాయి దగ్గర నిలబడ్డావిడ. "నాకూనండి" అంది ఇంకొకావిడ. ఒక్కొక్కరే చెయ్యెత్తారు. ఈ రూలుతో మాతకు చీర కట్టడానికి పెళ్ళికాని పిల్లలూ, కాన్వెంటు సిస్టర్లూ తప్ప ఎవరూ మిగల్లేదు. ఎప్పుడూ గౌన్లలో ఉండే సిస్టర్లకేమో చీర కట్టడమే రాదు! చివరికి అందరి చూపూ పెద్దమ్మ మీదికి వెళ్ళింది.

"నాకూ అయింది" అంది ఆవిడ మెల్లగా. "మూడోవాడు పుట్టాక. ఇన్నేళ్ళూ అది పాపమని నాకెవరూ చెప్పలేదండి ఫాదర్ గారూ."

"చెప్పకపోవడం మా తప్పమ్మా. పాపసంకీర్తనం చేసుకుంటే చాలు, మనసులో పెట్టుకోకండి" అన్నారాయన. ఆగి, మళ్ళీ మొదలుపెట్టారు. "ఒక్క మాట. బోధనను నేను మార్చలేను, మార్చమని అడక్కండి. చీర కట్టే అబ్బాయి విషయంలోనైనా, మీ విషయంలోనైనా శ్రీసభ చెప్పేది చెప్తూనే ఉంటుంది. కానీ చీర ఎవరు కట్టాలో శ్రీసభ ఎక్కడా రాయలేదండి. అది ఈ కాయితం మీద మనం రాసింది."

నాకు ఆ జవాబు సగమే నచ్చింది. వాడి ఎనిమిదేళ్ళనూ, నా ఒక్కరోజు ఆపరేషన్‌నూ ఒకే గాటన కట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నాదైతే ఒకసారి చెప్పుకుంటే తీరిపోతుంది, వాడిది వాడి ఇల్లు. అయినా ఆ సగానికే గుండె ఎగిరి గంతేసింది, దాచడం ఎందుకు!

పెద్దమ్మ నోటీసు మడిచి సంచిలో పెట్టుకుని, నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "వాడికి కలుపు" అంది.

"ఒరే నాన్నా, నేనే. చీర బస్సులో వెయ్యకు, నువ్వే పట్టుకురా. మీ అక్క కడితే మాత పరువు పోద్ది."

నేను ఫోన్‌కు చెవి ఆనించాను. వాడు అడిగాడు. "ఒక్కణ్ణే రావాలా పెద్దమ్మా?"

పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి, ప్రార్థనో ఏమో.

"మీ అక్కకి మోకాళ్ళ నెప్పులు. కింద కూర్చుని కుచ్చిళ్ళు పట్టుకోడానికి ఓ మనిషి కావాలి కదరా" అంది.

నా మోకాళ్ళు భేషుగ్గా ఉన్నాయి. అయినా పండుగ ముందు రోజు చాప మీద కూర్చుని, మోకాళ్ళు పట్టుకుని "అబ్బా, అమ్మా" అని మూలుగుతూనే ఉన్నాను! చీర నెమలికంఠం రంగు, వెండి జరీ పూలు. విప్పగానే గుడంతా "అబ్బ!" అంది. తమ్ముడు స్టూలెక్కాడు. ఆ అబ్బాయి చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి, బెదురుతూ లోపలికొచ్చి, మాత పాదాల దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కుచ్చిళ్ళను వేళ్ళ కొసలతో మాత్రమే పట్టుకున్నాడు. "గట్టిగా పట్టుకో అబ్బాయ్, ఆవిడేం కరవదు" అంది పెద్దమ్మ. అందరం నవ్వాం, ఆ అబ్బాయీ నవ్వాడు. పైట సందులోంచి జారి భుజం మీద పడగానే నేను చప్పట్లు కొట్టేశాను. గుడిలో చప్పట్లేంటని ఎవరూ అనలేదు. ఆ అబ్బాయికి మర్నాడు డ్యూటీ ఉండటంతో సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు.

పండుగ రోజు గుడి కిటకిటలాడింది. సత్ప్రసాదం వేళకు బెంచీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. తమ్ముడు ఎప్పటిలాగే కూర్చుండిపోయాడు. నేను లేచి నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తే, బెంచీ ఆ చివర పెద్దమ్మ కూడా లేవలేదు. నాకు బుద్ధి తెలిశాక ఆవిడ సత్ప్రసాదం మానడం చూడలేదు. వెనక్కి వెళ్ళి చెవిలో అడిగాను.

"ఏంటి పెద్దమ్మా, ఒంట్లో బాలేదా? ఆ ఆపరేషన్ సంగతి ఇంకా పట్టుకుని కూర్చున్నావా? సంకీర్తనం చేసుకుంటే చాలని ఫాదర్ గారు చెప్పారుగా."

"శనివారమే చేసేసుకున్నానే. నువ్వెళ్ళు" అంది.

అని, బెంచీ మీద ఇటు జరిగి జరిగి వచ్చి మా తమ్ముడి పక్కన కూర్చుంది.