సాలూరు నుంచి సర్వరు లేపిన తులసి

సాలూరులో లారీలకు బాడీలు కట్టే ఎల్లాజీ భార్య తులసి. వైజాగ్‌లోని ఒక కంపెనీ సర్వర్లను ఇంట్లో కూర్చునే చూసుకునేది. 2017లో, పెళ్లయిన కొత్తలో, మేనేజరు పద్మకుమారి ఒక మెలిక పెట్టింది.

"ఏమీ లేని కొత్త మిషను మీద, ఎవరి చెయ్యీ పడకుండా, మన వెబ్‌సైటు దానంతటదే లేవాలి తులసీ. శుక్రవారం నేనే నడిపించి చూస్తాను. లేస్తే సాలూరులోనే ఉండు. లేకపోతే వైజాగ్ వచ్చెయ్యి."

మిషను ఎలా ఉండాలో ఫైలులో రాస్తే, ఒక ప్రోగ్రాం అది చదివి అంతా అమరుస్తుంది. కానీ దానికో గుణం ఉంది. పైన రాసింది ముందు, కింద రాసింది తర్వాత అనుకోదు. ఏది దేని మీద ఆధారపడిందో విడమరిచి చెప్పాలి. చెప్పకపోతే పొయ్యి వెలిగించక ముందే తాలింపు వేసినా వేస్తుంది.

తులసి అన్నీ చెప్పింది. సైటు భద్రంగా లేవాలంటే, ఇది నకిలీ కాదని పూచీ ఇచ్చే సర్టిఫికెట్ ముందు ఉండాలంది. సర్టిఫికెట్ రావాలంటే ముందు సైటు లేచి ఉండాలంది. ఎందుకంటే, అది ఇచ్చేవాళ్లు సైటును పలకరిస్తారు, పలికితేనే ఇస్తారు. పాత మిషన్లలో సర్టిఫికెట్లు ఎప్పుడో చేత్తో పెట్టినవి కాబట్టి ఆ సంగతి రాసే పని పడలేదు. ఇప్పుడు రాసేసరికి, ఇది దానికోసం, అది దీనికోసం ఎదురుచూస్తున్నాయి, నేను కదలనంటూ ప్రోగ్రాం ఎర్ర అక్షరాలు చూపించి మొరాయించింది. ఒక ముడి విప్పి చూసింది. ఎర్ర అక్షరాలు పోయాయి గానీ, సర్టిఫికెట్ లేక సైటు లేవలేదు.

గురువారం మధ్యాహ్నం ఎల్లాజీ భోజనానికి వచ్చాడు.

"ఏటే, పొద్దుట్నుంచీ ఆ డబ్బాకేసే సూత్తన్నావు?"

"ఇది నా మాట ఇనట్నేదు."

"నానూ ఇనను గదా. నాకేసి ఎప్పుడైనా ఇలా గుడ్లప్పగించి సూసినావేటి?"

"నిన్ను తుడిసేసి మళ్లీ మొదట్నుంచి లేపడం అవదు బావా. అందుకే ఒగ్గీసినాను."

అంతలో ఇంటి ముందు, ఇంకా బాడీ కట్టని కొత్త లారీ చాసిస్ వచ్చి ఆగింది. దానికి క్యాబిన్ కూడా లేదు. డ్రైవరు జోగయ్య చెక్క మీద కూర్చుని, తలకు తువ్వాలు చుట్టుకుని, దుమ్ము కొట్టుకుంటూ తోలుకొచ్చాడు. ముందు వైపు తాత్కాలిక నంబరు అంటించి ఉంది. బాడీ కట్టందే అసలు నంబరు ఇవ్వరు. నంబరు లేందే బండి, బాడీ కట్టే ఎల్లాజీ షెడ్డు దాకా రావడానికి రోడ్డెక్కదు. అందుకే ఈ నంబరు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే అయినా, తులసి దానికేసి చూస్తూ ఉండిపోయింది.

"జోగయ్య మావకి మంచినీళ్లియ్యవే!"

"నువ్వే ఇయ్యి బావా!" అంటూ లోపలికి పరిగెత్తింది.

సైటు లేవడమనే ఒక్క పనినీ రెండు చేసింది. మొదట బోసి సైటు, పలకరిస్తే పలికేంత మటుకే. అది లేచాక సర్టిఫికెట్. అది వచ్చాక అసలు సెట్టింగులు. అవి మారగానే సైటు వాటిని చదువుకోవాలి. ఇక వెనక్కి తిరిగే ముడి ఒక్కటీ లేదు.

శుక్రవారం పద్మకుమారి నడిపించి చూసింది. నమ్మకం చాలక అంతా చెరిపేసి మళ్లీ నడిపించింది. తర్వాత ఫోను చేసింది.

"రెండోసారీ లేచింది. నువ్వక్కడే ఉండు తల్లీ."

తులసి షెడ్డుకు వెళ్లి చెప్పింది. ఎల్లాజీ వెల్డింగు ఆపాడు.

"అయితే గాజువాకలో రూము వద్దని సెప్పీమంటావా?"

"రూమేటి?"

"నువ్వెలిపోతే నానిక్కడేటి సేత్తానే? అక్కడా లారీ షెడ్లున్నాయి. ఒకాయనతో మాటాడీసినాను."

"మరి నాకు సెప్పనేదేటి?"

"సెప్తే ఆ సర్వరు లేపడం ఒగ్గీసి, పద పోదామంటావని."

తులసికి నవ్వు ఆగలేదు. "రూము వద్దని సెప్పీ. ఆదివారం బీచికి మటుకు తీసుకెళ్లు" అంది.