సప్పుడు లేని కెమెరా

కెమెరాను చెవితో ఎంచుకున్న మనిషిని ఆమెనొక్కదాన్నే చూశాను. భోగాపురం దగ్గరి సముద్రపు ఒడ్డు నుంచి వచ్చి నా దగ్గర ఫోటోగ్రఫీ నేర్చుకునేది. మొదటి కెమెరా కొనడానికి నన్ను విజయనగరం దుకాణానికి వెంటబెట్టుకెళ్లింది. నేను లెన్సుల గురించి చెబుతుంటే, ఆమె ఒక్కో కెమెరానూ చెవికి ఆనించి, కళ్లు మూసుకుని మీట నొక్కేది.

"సప్పుడు లేనిది ఉన్నాదా సార్?"

"చప్పుడుతో నీకేం పని?" విసుక్కున్నాను.

"మా అయ్య నిద్దరోతన్నప్పుడు తియ్యాలి. మెలకువగుంటే తియ్యనివ్వడు. మా సిన్నాన్న ఫోటో దిగిన మర్నాడే సముద్రం మీద సేపల వేటకెల్లి మరి రాలేదు. అప్పట్నించి కెమెరా కనపడితే మొగం తిప్పేస్తాడు. ఇంట్లో అయ్యది ఒక్క ఫోటో కూడా లేదు."

నేను నవ్వలేదు, నమ్మనూ లేదు. చప్పుడు చెయ్యని కెమెరా వెతికి ఆమె చేతికిచ్చాను.

తర్వాతి వారం ఫోటో తెచ్చి చూపించింది. వలల పక్కన, నోరు కొంచెం తెరిచి, చంటిపిల్లాడిలా నిద్రపోతున్నాడాయన. చాలా బాగా తీసింది.

"మీ అయ్యకు చూపించావా?"

ఆమె కెమెరాను మళ్లీ చెవికి ఆనించుకుంది. మీట మాత్రం నొక్కలేదు.

"వేటకెల్లాడు సార్. నిన్ననే రావాలి."